సముద్రమున కావలి పినతల్లి



విదేశములకు పోయి వైద్యవిద్య నభ్యసించి వచ్చినవారి చరిత్రలు మన భాషలో కొన్ని కలవు. వానిని తిరుగవేసినచో, వారు ఏ నౌక నెక్కిరి, ఏ కళాశాలలో చేరిరి, ఏ పట్టము నందిరి యను విషయములు తేదీలతో సహా తెలియును. ఆ విద్యార్థి ఉదయమున ఏమి తినెనో, చలిలో ఏమి కప్పుకొనెనో, జ్వరము వచ్చిన రాత్రి తలాపున ఎవరు కూర్చుండిరో మాత్రము తెలియదు. మూడు నాలుగేండ్ల పరదేశవాసములో పట్టప్రదానోత్సవము ఒక్క పూట. తక్కిన దినములన్నియు వంటను, వస్త్రమును, అద్దె గదిని, ఇంటినుండి రావలసిన జాబును గూర్చిన చింతతో గడచునవే. ఈనాటి ప్రసంగమునకు విషయమైన శ్రీమతి ఆనందీబాయి జోషీ జీవితమున ఆ తక్కిన దినములు మిక్కిలి విలువగలవి.

ఆమె 1865 మార్చి 31వ తేదీన మహారాష్ట్ర బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. పుట్టింటి పేరు యమున. తొమ్మిదవ యేట వివాహమయ్యెను. భర్త గోపాలరావు జోషీ తపాలాశాఖలో గుమాస్తా. మొదటి భార్యను పోగొట్టుకొన్నవాడు. వయస్సున ఆమెకంటె సుమారు ఇరువది యేండ్లు పెద్ద. తపాలాశాఖ యనగానే బదిలీలు. అలీబాగు, కొల్హాపురము, కలకత్తా, శ్రీరాంపూరు, ఇట్లు ఊరూరును పెట్టె బేడలతో తిరిగిన సంసారమది. కేంద్రప్రభుత్వ కొలువులో నున్న మన సభ్యులకు ఆ జీవితము వర్ణించి చెప్పనక్కరలేదు. పదునాలుగవ యేట ఆమెకు కుమారుడు కలిగి పది దినములకే గతించెను. సరియైన వైద్యసహాయము ఉన్నచో ఆ శిశువు బ్రతికెడివాడేమో యన్న తలంపు ఆమెను విడువలేదు. పురుషవైద్యునిచే పరీక్ష చేయించుకొనుటకంటె చావే మేలని తలంచు స్త్రీలు ఆ కాలమున లెక్కకు మిక్కిలిగా నుండిరి.

గోపాలరావు స్వభావము విచిత్రమైనది. భార్య చదువవలెనన్న పట్టుదల ఆయనకు ఎంత యుండెనో, కోపమును అంతే యుండెను. పాఠము విడిచి వంటయింటికి పోయినందుకు ఆ బాలికను కొట్టినవాడు. ఆయన లేనిదే ఆనందీబాయి వైద్యురాలు కాకపోయెడిది. ఆయనతో కాపురము సుఖమైనదని చెప్పుటకును వీలులేదు. ఈ రెండు మాటలలో ఏ యొక్కదానిని దాచినను చరిత్రకు అన్యాయమగును.

ఆ గోపాలరావే భార్య విద్యకై అమెరికాలో సహాయము దొరకునేమోయని వైల్డరు అను అమెరికా మిషనరీకి జాబు వ్రాసెను. ఆ జాబును, తన సమాధానమును వైల్డరు తన పత్రికలో అచ్చు వేయించెను. క్రైస్తవమతమును స్వీకరించినగాని కార్యము సానుకూలము కాదన్న ధోరణి ఆ సమాధానమున నుండెను. ప్రయత్నము అంతటితో ముగిసిన ట్లుండెను. కాని 1880లో న్యూజెర్సీ రాష్ట్రమునందలి రోజెల్ అను చిన్న పట్టణమున నివసించు థియోడిషియా కార్పెంటరు అను గృహిణి దంతవైద్యుని యింట తన వంతుకొఱకు వేచియుండి, అక్కడ పడియున్న పత్రికను తీసి చూచెను. ఆ జాబు ఆమె కంట బడెను. ఆమె పండితురాలు కాదు, ధనవంతురాలును కాదు. పిల్లలు గల సామాన్య సంసారి. ఎన్నడు చూడని దేశముననున్న ఒక బాలికకు తోడు నిలువవలెనని ఆమెకు తోచెను. వెంటనే జాబు వ్రాసెను.

అటుపిమ్మట రమారమి మూడేండ్లు జాబులు నడచెను. ఆవిరి నౌకల కాలమున జాబు చేరుటకే నెలకు పైగా పట్టెడిది. ప్రశ్నకు సమాధానము వచ్చుసరికి ఋతువు మారిపోయెడిది. ఇరువురును తమ తమ ఆచారములను, బాల్యవివాహములను, స్త్రీల ఆరోగ్యమును గూర్చి వ్రాసికొనిరి. కలకత్తాలో ఆనందీబాయికి తరచు తలనొప్పియు, జ్వరమును, ఆయాసమును వచ్చుచుండెను. ఆ సంగతి తెలిసికొని కార్పెంటరమ్మ అమెరికానుండి మందులు పంపెను. ఈ యంశము మనస్సున నుంచుకొనదగినది. ఏలయన ఆమె దేహము అమెరికాకు పోకమునుపే క్షీణింపసాగినది.

1883లో గోపాలరావు తాను కదలుటకు వీలులేకపోగా భార్యను ఒంటరిగా పంప నిశ్చయించెను. ఊరంతయు గగ్గోలు పుట్టెను. చదువుకొన్న హిందూ స్త్రీ పాదరక్షలు ధరించి పుస్తకములు చేతబట్టి వీధిలో నడచినచో కలకత్తాలోనే వేళాకోళము చేసెడివారు. ఇక సముద్రము దాటుటయా! ఆ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన ఆమె శ్రీరాంపూరు కళాశాలలో నిలిచి ఇంగ్లీషున ఉపన్యసించెను. జనులు తన్ను అడుగుచున్న ఆరు ప్రశ్నలను తానే ఎత్తికొని సమాధానము చెప్పెను. ఏల పోవుచున్నావు? ఇక్కడ చదువుటకు సాధనములు లేవా? ఒంటరిగా ఏల? తిరిగి వచ్చిన పిమ్మట కులమున వెలివేయరా? ఆపద వచ్చినచో ఏమి చేసెదవు? ఏ స్త్రీయు చేయని పని నీవేల చేయవలెను? రెండవ ప్రశ్న మన దక్షిణాదివారికి సంబంధించినది. చెన్నపట్టణపు వైద్యకళాశాల 1875లోనే మేరీ షార్లీబు మొదలైన నలుగురు స్త్రీలను చేర్చుకొనియుండెను. ఆనందీబాయి ఆ సంగతి యెఱుగును. కాని అక్కడి స్త్రీవిద్య చాలినంతగా లేదనియు, బోధకులకు స్త్రీలయెడ సానుభూతి తక్కువ యనియు ఆమె యభిప్రాయము. హిందువుగా పోయి హిందువుగానే తిరిగివచ్చెదనని సభాముఖమున మాట యిచ్చెను.

పదునెనిమిదేండ్లు నిండిన వారమునకు, ఏప్రిల్ 7వ తేదీన, కలకత్తాలో నౌక నెక్కెను. తోడు వచ్చినవారు మిషనరీ స్త్రీలు. జూన్ 4వ తేదీన న్యూయార్కు రేవున దిగునప్పటికి కార్పెంటరమ్మ ఎదురువచ్చి నిలిచియుండెను. మూడేండ్లు అక్షరముల రూపముననే యున్న స్నేహము ఆనాడు ముఖము చూచుకొనెను.

ఆ వేసవి రోజెల్‌లో గడచెను. ఆనందీబాయి కార్పెంటరమ్మను మావశీ యని పిలిచెను. మరాఠీలో మావశీ యనగా తల్లి తోబుట్టువు, మన పిన్నియో పెద్దమ్మయో. ఇది మర్యాదకు పిలిచిన పిలుపు కాదు. ఆ యింట ఆమె అతిథివలె గాక ఆడపడుచువలె మెలగెను. ఆ యింటి ఆడపిల్లలు ఆమెకు చెల్లెండ్రైరి. కార్పెంటరమ్మ దైవభక్తిగల క్రైస్తవురాలే. అయినను ఇంట దిగిన పిల్లను మతము మార్చుకొమ్మని నిర్బంధింపలేదు, శాకాహారమును మానుమనలేదు, చీర విడిచి గౌను తొడుగుమనలేదు. వైల్డరు జాబునకును ఈమె నడతకును గల భేదము అంతయు ఇందే యున్నది. సహాయము చేయువారు ఎందఱో యుందురు. సహాయమునకు వెల చెప్పనివారు అరుదు.

అక్టోబరులో కార్పెంటరమ్మ ఆమెను ఫిలడెల్ఫియాకు తోడ్కొనిపోయి, 1850లో స్థాపితమైన పెన్సిల్వేనియా మహిళా వైద్యకళాశాలలో చేర్చెను. కళాశాలాధ్యక్షురాలు రేచెల్ బాడ్లే రసాయనశాస్త్ర నిపుణురాలు. ఆనందీబాయి తన దరఖాస్తులో అర్హతపత్రములను గూర్చి గొప్పలు చెప్పుకొనలేదు. కులమువారును బంధువులును కలిసి ఎదిరించినను ఇంతదూరము తన్ను తీసికొనివచ్చిన పట్టుదల చదువును కూడ సాగింపగలదని మాత్రము విన్నవించెను. మూడేండ్లకు 600 డాలర్ల విద్యార్థివేతనము మంజూరయ్యెను.

అచ్చట దినచర్య సులభమైనది కాదు. ఉపన్యాసములు, రసాయనశాల, శరీరనిర్మాణశాస్త్రము, ప్రసూతిశాస్త్రము. శవమును తాకినంతనే స్నానము చేయవలసిన యింట పుట్టిన పిల్ల శవచ్ఛేదశాలలో గంటల తరబడి నిలువవలెను. ఆచారవంతులమని చెప్పుకొనువారిలో ఎందఱు ఆ గది గడప దాటగలరో! ఆమె దాటెను, దాటిన సాయంకాలము తన గదికి వచ్చి తన నియమము ప్రకారము తన భోజనము తాను చేసెను. ఆ రెండును ఒక్క మనిషియం దిముడుట అమెరికావారికి ఆశ్చర్యము కలిగించియుండును. మనకు అంత ఆశ్చర్యము కలుగనక్కరలేదు.

భోజనము మాట చెప్పవలసినది కొంత యున్నది. నేడు మన తెలుగు పిల్లలు వైద్యమునకై ఫిలిప్పీన్సు, జార్జియా, కిర్గిజ్‌స్తాను, రష్యా దేశములకు పోవుచున్నారు. వారి పెట్టెలలో ఆవకాయ జాడీ యుండును, ప్రెషరు కుక్కరు ఉండును, కందిపొడి యుండును. ఒక్కొక్క వసతిగృహమున నలుగురైదుగురు మనవాళ్లు కూడి వంతులవారీగా అన్నము వండుకొందురు. పండుగనాడు తల్లి ముఖమును చేతిలోని ఫోనులో చూతురు. 1883లో ఫిలడెల్ఫియాలో ఆనందీబాయికి ఇవేవియు లేవు. మాంసాహారమే ప్రధానమైన ఊరిలో, శీతకాలమున కూరగాయలు అరుదైన చోట, శాకాహారి యగు విద్యార్థినికి దొరకునది ఎంత? తన భాష మాటాడు తోడి విద్యార్థిని ఒక్కతెయు లేదు. వంట చేసికొన్నగాని తిండి లేదు. వంటకు కూర్చున్నచో చదువునకు వేళ చాలదు.

వస్త్రము సమస్యయును అట్టిదే. మహారాష్ట్ర స్త్రీల తొమ్మిది గజముల చీర కచ్చతో కట్టునది. పిక్కలు, చీలమండలు బయటనే యుండును. పూనా ఎండకు అది చక్కనిదే. నదులు గడ్డకట్టు చలికి చాలదు. చాల తర్కించుకొని ఆమె గుజరాతీ స్త్రీల కట్టును స్వీకరించెను. దానివలన కాళ్లు కప్పబడును. చీర చీరగానే యుండెను, దేశము దేశముగానే యుండెను, కాళ్లకు మాత్రము కొంత వెచ్చదన మబ్బెను. ఇచ్చిన మాటకును ప్రాణమునకును మధ్య ఆమె కనిపెట్టిన సంధి ఇది. మాట తప్పలేదు, మూర్ఖముగా పట్టును పట్టలేదు. వ్యాసకర్తలు ఆమె పట్టుదలను పొగడుదురుగాని, ఈ చిన్న సర్దుబాటులోని తెలివిని అంతగా గమనించినట్లు లేదు.

ఆ చిన్నమార్పును కూడ భర్తకు విన్నవించుకొనవలసియుండెను. భర్తనుండి వచ్చు జాబులు ఒకప్పుడు ప్రోత్సాహమును, ఒకప్పుడు అనుమానమును, నిష్ఠురమును మోసికొని వచ్చెడివి. ఆమె ఓర్పుతో సమాధానములు వ్రాసెను. ఐనను అమెరికాలో ఉన్నప్పుడే ఒక జాబులో, చిన్ననాట ఆయన తన్ను కొట్టిన సంగతిని స్పష్టముగా జ్ఞాపకము చేసెను. అది మంచికో చెడుకో తాను తేల్చలేననుచునే, పసిమనస్సుపై అట్టి నడతకు ఎట్టి ఫలితము కలుగునో ఆలోచింపుమని సూచించెను. ఎనిమిదివేల మైళ్ల దూరము ఆమెకు ఇచ్చిన స్వాతంత్ర్యములో ఈ జాబొకటి. భర్త యెదుట కూర్చున్నచో ఆ మాట నోట వచ్చియుండునా యన్నది సందేహమే.

సెలవులు వచ్చినంతనే ఆమె రోజెల్‌కు పోయెడిది. విదేశమున చదువు విద్యార్థికి సెలవులు చదువుకంటె కష్టమైనవి. వసతిగృహములు ఖాళీయగును, తోడివారందఱును ఇండ్లకు పోదురు, పోవుటకు ఇల్లు లేనివాడు గోడలవంక చూచుచు కూర్చుండవలెను. ఆనందీబాయికి ఆ దుఃఖము లేకుండ చేసినది మావశీ యిల్లు. రోజెల్‌లో తనకొఱకు తలుపు తెఱచియుండు ననుకొన్నప్పుడు ఫిలడెల్ఫియా గది చలి కొంత తగ్గియుండును.

కళాశాలలోను ఆమె ఏకాకి కాదు. బాడ్లే ఆమెను కన్నబిడ్డవలె కనిపెట్టుకొనియుండెను. ఆ కళాశాలకు దేశదేశముల స్త్రీలు వచ్చుచుండిరి. ఏలయన తమ దేశములలో స్త్రీకి వైద్యవిద్య దుర్లభము. 1885 అక్టోబరు 10వ తేదీన తీయబడిన ఛాయాపటమొకటి నేటికిని నిలిచియున్నది. అందు మువ్వురు యువతులు తమ తమ దేశవేషములతో నున్నారు. ఎడమ ప్రక్క చీరతో ఆనందీబాయి, నడుమ కిమోనోతో జపానుదేశీయ కేయి ఓకామి, కుడిప్రక్క సిరియా దేశపు సబాత్ ఇస్లాంబూలీ. ముగ్గురి మాతృభాషలు మూడు, మతములు మూడు. వారు మాటాడుకొనుటకు ఉన్నది నేర్చుకొన్న ఇంగ్లీషొక్కటే. ఓకామి 1889లోను, ఇస్లాంబూలీ 1890లోను పట్టభద్రులైరి. ఓకామి స్వదేశమున వైద్యవృత్తి చేసి 1941 వరకు జీవించెను. ఆ పటమును చూచునప్పుడు ఈ తేదీలు మనస్సున మెదలక మానవు. ఏలయన ఎడమ ప్రక్కనున్న యువతికి అప్పటికి మిగిలిన ఆయువు ఏడాదిన్నర కూడ లేదు.

1885లోనే గోపాలరావు అమెరికాకు వచ్చెను. వచ్చినవాడు ఊరకుండక, అమెరికావారి సంఘమును, క్రైస్తవమతమును ఖండించుచు సభలలో మాటాడసాగెను. ఆయన వాదములలో కొన్నింట సత్యము లేకపోలేదు. కాని తన భార్యకు అన్నము పెట్టి, చదువు చెప్పి, మంచమున పడినప్పుడు ఉపచరించినవారి యూరిలోనే ఆ మాటలాడుట ఔచిత్యమా? పరీక్షలకు చదువుకొనవలసిన ఆమెకు రెండు వైపులవారిని సమాధానపఱచు భారమును పడెను. మావశీ స్నేహము ఆ పరీక్షకును నిలిచెను.

1886 మార్చి 11వ తేదీన, ఇరువదియొకటవ జన్మదినమునకు ఇరువది దినముల ముందు, ఆనందీబాయి వైద్యపట్టము నందెను. ఆమె సిద్ధాంతవ్యాసము ఆర్యహిందువుల ప్రసూతితంత్రమును గూర్చినది. బంధువురాలైన పండిత రమాబాయి ఆ ఉత్సవము చూచుటకు ఇంగ్లండునుండి వచ్చెను. విక్టోరియా రాణి అభినందనమును వచ్చెను. కొల్హాపుర సంస్థానమువారు తమ ఆల్బర్టు ఎడ్వర్డు ఆసుపత్రిలో స్త్రీల విభాగమునకు ఆమెను వైద్యురాలిగా నియమించిరి.

అనుభవము సంపాదింపవలెనని బోస్టనులోని స్త్రీల ఆసుపత్రికి పోయెనుగాని దేహము సహకరింపలేదు. అదే బోస్టను నగరమునకు సరిగా ముప్పదియేడేండ్లకు, 1923 అక్టోబరులో, మన భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు చేరెను. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధియు, మామగారి సహాయమును ఆయనను పంపినవి. పగలు హార్వర్డులో చదువుచు, రాత్రులు ఆసుపత్రిలో ఊడిగము చేసి ఆయన దినములు గడిపెను. ఆయన మరల స్వదేశమునకు రానేలేదు. ఆనందీబాయికో, తిరిగి వచ్చుటయే ప్రయాణపు ప్రయోజనము.

ఆమెను పట్టినది క్షయ. రాబర్టు కాఖ్ ఆ వ్యాధిని కలిగించు సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించినది 1882 మార్చిలో. ఆమె అమెరికాకు పోవుటకు ఏడాది ముందు. దానిని చంపగల స్ట్రెప్టోమైసిన్ దొరకినది 1943లో. రోగకారణము తెలిసియు మందు తెలియని ఆ ఆరు దశాబ్దముల నడుమ ఆమె విద్యయు మరణమును చిక్కుకొనెను. శాకాహారమే ఆమెను చంపెనని కొందఱు, సముద్రయాన పాపమే చంపెనని కొందఱు నాడు వ్యాఖ్యానించిరి. రెండవ మాటకు సమాధానము చెప్పనక్కరలేదు. మొదటిదానికి మాత్రము, కలకత్తాలోనే ఆమెకు అమెరికానుండి మందులు రావలసివచ్చినదన్న సంగతిని జ్ఞాపకము చేయవచ్చును. చాలని తిండియు, చలియు వ్యాధికి తోడైనవి కావచ్చును. అంతకుమించి నిందమోపుట న్యాయము కాదు.

1886 అక్టోబరులో భార్యాభర్తలు నౌక నెక్కి నవంబరులో బొంబాయి చేరిరి. వెలివేయుదురనుకొన్న జనులే ఆమెను పూలతో ఎదుర్కొనిరి. శ్రీరాంపూరున ఆమె ఎత్తికొన్న నాలుగవ ప్రశ్నకు పూనా నగరము ఈ విధముగా సమాధానము చెప్పెను. కాని కొల్హాపుర ఆసుపత్రిలో ఆమె ఒక్క రోగిని చూచుటకును తీఱిక లేకపోయెను. 1887 ఫిబ్రవరి 26వ తేదీన పూనాలో కన్నుమూసెను. ఇరువదిరెండేండ్లు నిండుటకు నెల దినములకు పైగా మిగిలియుండెను. ఆ సంవత్సరముననే వెలువడిన తన ఇంగ్లీషు గ్రంథమును, ఉన్నతకుల హిందూ స్త్రీని గూర్చినదానిని, రమాబాయి తన తల్లి స్మృతికి అంకితమిచ్చెను. దానికి పీఠిక వ్రాసినది బాడ్లే.

గోపాలరావు భార్య చితాభస్మమును గంగలోనో గోదావరిలోనో కలుపుట సహజము. ఆయన అట్లు చేయలేదు. దానిని మూటగట్టి సముద్రమున కావల రోజెల్‌కు పంపెను. ఆ మనిషిని ఎన్ని విధముల తప్పుపట్టినను, ఈ యొక్క పనిలో ఆయన తన భార్య మనస్సును సరిగా ఎఱిగియుండెనని చెప్పవలెను. కార్పెంటరమ్మ ఆ భస్మమును న్యూయార్కు రాష్ట్రమునందలి పొకీప్సీ పట్టణమున తన పుట్టింటివారి శ్మశానవాటికలో, తనవారి సమాధుల నడుమ నిక్షేపించెను. విద్యకొఱకు భారతదేశము విడిచిన మొదటి బ్రాహ్మణస్త్రీ యని తెలుపు రాయి అక్కడ నేటికిని ఉన్నది.